బదిలీ ఉద్యోగికి – శిక్ష బిడ్డకా?

కేంద్ర ప్రభుత్వం 2024 డిసెంబరు 16న గెజెట్ ప్రకటన ద్వారా విద్యాహక్కు నిబంధనలను సవరించింది. 5, 8 తరగతుల సంవత్సరాంత పరీక్షలో తప్పిన బిడ్డకు రెండు నెలలలోగా మరొక అవకాశమివ్వాలనీ, అందులోనూ తప్పితే అదే తరగతిలో నిలిపివేయాలనీ ఆ సవరణ సారాంశం. ఇది వర్తించేది కేంద్రం పాలనలో గల బడులకు. అనగా కేంద్రీయ విద్యాలయాలకు, నవోదయ విద్యాలయాలకు, సైనిక పాఠశాలలకు. కేంద్రీయ విద్యాలయాలు ప్రధానంగా ఎవరి పిల్లల కోసం ఏర్పడినవి? ఊరి నుండి ఊరికి బదిలీ అయ్యే కేంద్ర ప్రభుత్వోద్యోగుల పిల్లల కోసం. అనగా మన పిల్లల కోసం. కావున "బడుల సంగతి ఉపాధ్యాయ సంఘాలు చూసుకుంటాయి, మనకెందుకు?" అని ఊరుకొనే వీలు రైల్వే, తపాలా ఉద్యోగులకు లేదు.

విద్యార్థుల ఆరోగ్యం, ఒక బడి నుండి మరొక బడికి మార్పు, జవాబుదారీతనం – ఈ మూడు విషయాలపై గత పదిహేనేళ్లుగా వెలువడిన విధానాలను పక్కపక్కన పెట్టి చదివితే ఒకే సూత్రం కనిపిస్తుంది. ఆజ్ఞ పైనుండి వస్తుంది. సాధనాలు మాత్రం రావు. లోపం జరిగిననాడు సంజాయిషీ అట్టడుగున ఉన్నవానిని అడుగుతారు. బడిలో అట్టడుగున ఉన్నది ఉపాధ్యాయుడు. ఉపాధ్యాయునికంటె అడుగున ఉన్నది బిడ్డ. గేటు వద్ద నిలిచే గేట్‌మన్‌కు, ఎండలో సంచి మోసే పోస్ట్‌మన్‌కు ఈ సూత్రం కొత్తది కాదు. అదే సూత్రం ఇప్పుడు మన పిల్లల తరగతి గదిలోనూ నడుస్తున్నది. దానిని ఎదిరించక తప్పదని మేము భావిస్తున్నాము.

హక్కు ఉన్నది – తలుపు లేదు

2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టంలోని 5వ సెక్షనును ప్రతి ఉద్యోగీ చదవాలి. రాష్ట్రం లోపల గాని, రాష్ట్రం వెలుపలకు గాని, ఏ కారణం చేతనైనా బడి మారవలసి వచ్చిన బిడ్డకు అలా మారే హక్కు కలదని అది చెబుతున్నది. పాత బడి ప్రధానోపాధ్యాయుడు టి.సి.ని వెంటనే ఇవ్వాలి. టి.సి. రావడం ఆలస్యమైనదన్న సాకుతో కొత్త బడి ప్రవేశాన్ని జాప్యం చేయరాదు, నిరాకరించరాదు. వినడానికి ఇది మన కోసమే వ్రాసినట్లున్నది. కాని ఆ హక్కును ప్రసాదించిన వాక్యమే రెండు రకాల బడులను మినహాయించింది. ఒకటి, ప్రభుత్వ సహాయం పొందని ప్రైవేటు బడులు. రెండవది, చట్టం "ప్రత్యేక కోవ"గా పేర్కొన్న బడులు. కేంద్రీయ విద్యాలయాలు ఆ కోవలోనివే! బదిలీ అయ్యే ఉద్యోగుల పిల్లల కోసం పెట్టిన బడి తలుపు తట్టే చట్టబద్ధమైన హక్కు బదిలీ అయిన ఉద్యోగి బిడ్డకు ఈ సెక్షను కింద లేదు. ఇంతకు మించిన విడ్డూరం మరొకటి ఉంటుందా?

ఈ బడులు ఎవరి దయాధర్మం వలననో వచ్చినవి కావు. రెండవ వేతన సంఘం సిఫారసుపై 1962 నవంబరులో ప్రభుత్వం ఈ పథకాన్ని ఆమోదించింది. మరుసటి ఏడు బడులు మొదలైనవి. ఏ వేతన సంఘం నివేదికపై అసంతృప్తితో కేంద్ర ప్రభుత్వోద్యోగులు 1960 జూలైలో దేశవ్యాప్త సమ్మెకు దిగారో, ఆ సంఘం చేసిన సిఫారసే ఇది. ఉద్యోగి బిడ్డ చదువు సేవా నిబంధనలలో భాగమని ప్రభుత్వం నాడే అంగీకరించిందనడానికి ఇదే నిదర్శనం.

నేడు దేశంలో కేంద్రీయ విద్యాలయాలు 1,250కి పైబడి ఉన్నవి. తల్లి గాని తండ్రి గాని బదిలీ అయినపుడు ఒక కేంద్రీయ విద్యాలయం నుండి మరొక దానికి మారే బిడ్డకు చోటు లభిస్తున్నది. కొత్తగా చేర్చుకొనేటపుడు గత 7 సంవత్సరాలలో ఉద్యోగి పొందిన బదిలీల సంఖ్యను లెక్కిస్తున్నారు. ఈ మేలును మేము కాదనడం లేదు. కాని ఇది పట్నం నుండి పట్నానికి మారేవారి సంగతి. రోడ్‌సైడు స్టేషనుకు, మారుమూల సబ్ పోస్టాఫీసుకు బదిలీ అయిన వాని ఊళ్లో కేంద్రీయ విద్యాలయం ఎక్కడ ఉన్నది? అక్కడ మూడేళ్లు రాష్ట్ర ప్రభుత్వ బడిలో చదివిన బిడ్డ తిరిగి పట్నానికి వస్తే, ఖాళీ ఉంటేనే ప్రవేశం. 9వ తరగతి అయితే పైపెచ్చు ప్రవేశ పరీక్ష. పైగా విద్యాహక్కు చట్టం రక్షణ 6 నుండి 14 ఏండ్ల వయస్సుకే, 8వ తరగతి వరకే. బడి మార్పు అత్యంత కష్టమయ్యే 9, 10 తరగతులలో బిడ్డకు ఆ కాస్త నీడ కూడా లేదు.

ప్రైవేటు బడుల సంగతి చెప్పనక్కరలేదు. ఫీజు బకాయి ఉన్నదని టి.సి. బిగబట్టడం వారికి పరిపాటి. 2024 జూలైలో మద్రాసు హైకోర్టు టి.సి. బిడ్డకు చెందిన పత్రమనీ, బకాయిల వసూలుకు అది సాధనం కారాదనీ స్పష్టం చేసింది. మంచిదే. కాని ఇప్పుడు కాగితంతో బాటు కంప్యూటరు కూడా వచ్చింది. యుడైస్ ప్లస్ పోర్టల్‌లో ప్రతి విద్యార్థికీ శాశ్వత విద్యా సంఖ్య ఉన్నది. పాత బడి ఆ పేరును తన జాబితా నుండి విడుదల చేయనిదే కొత్త బడి దానిని తన జాబితాలో చేర్చుకోవడం చిక్కే. చట్టం టి.సి. ఆలస్యాన్ని సాకుగా చూపరాదన్నది. పోర్టల్‌లో జరిగే ఆలస్యానికి కూడా ఆ మాట వర్తించాలని ఏ అధికారీ గట్టిగా చెప్పడం లేదు. తాళం మారింది, తాళపుచెవి మాత్రం ఆ చేతిలోనే ఉన్నది.

ఇక రైల్వేల సొంత బడులు. ఆర్థిక మంత్రిత్వ శాఖ ప్రధాన ఆర్థిక సలహాదారుగా ఉండిన సంజీవ్ సన్యాల్ నివేదిక ఆధారంగా, ఈ బడులను కేంద్రీయ విద్యాలయ సంఘటనకో రాష్ట్ర ప్రభుత్వాలకో అప్పగించే ప్రతిపాదనలు పంపవలసిందిగా 2021 సెప్టెంబరులో రైల్వే బోర్డు జోన్లను కోరింది. ఉద్యోగుల పిల్లలలో బహు కొద్దిమందే వాటిలో చదువుతున్నారన్నది చూపిన కారణం. ఏళ్ల తరబడి ఉపాధ్యాయుల ఖాళీలు నింపకుండా వదిలివేసి, పిల్లలు తగ్గిన పిదప "పిల్లలు లేరు గనుక బడి అనవసరం" అనడం ఏపాటి న్యాయం? నూతిలో నీరు తోడనివ్వక, నూయి ఎండినదని పూడ్చివేయడం వంటిది ఇది.

తప్పినది బిడ్డా, శాఖా?

విద్యాహక్కు చట్టంలోని 16వ సెక్షను మొదట ఎలా ఉండేదో గుర్తుచేసుకోవాలి. ప్రాథమిక విద్య ముగిసేదాకా ఏ బిడ్డనూ ఏ తరగతిలోనూ నిలిపివేయరాదు, బడి నుండి తొలగించరాదు. 2019లో పార్లమెంటు దానిని సవరించింది. 5, 8 తరగతులకు పరీక్ష తప్పనిసరి అయింది. తప్పినవారిని నిలిపివేయడమా మానడమా అన్నది ఆయా ప్రభుత్వాల ఇష్టానికి విడిచిపెట్టింది. బడి నుండి తొలగించరాదన్న మాట మాత్రం నేటికీ నిలిచి ఉన్నది. కొన్ని రాష్ట్రాలు నిలిపివేసే దారి పట్టినవి. 2024 డిసెంబరులో కేంద్రం తన బడులకూ అదే నియమం విధించింది.

దీనిని సమర్థించేవారి వాదన మాకు తెలియనిది కాదు. "చదవడం రాని పిల్లలు 8వ తరగతి దాకా చేరుతున్నారు, భయం లేనిదే భక్తి ఉండదు" అంటారు. పిల్లలకు చదువు సరిగా అబ్బడం లేదన్న మాట నిజమే. మేము కప్పిపుచ్చబోము. కాని తరగతిలో నిలిపివేయడం వలన చదువు రాదు. చెప్పడం వలన వస్తుంది. కొత్త నిబంధన ఏమి చెబుతున్నది? నిలిపివేసిన బిడ్డ ఎక్కడ వెనుకబడిందో తరగతి ఉపాధ్యాయుడు కనిపెట్టి, బిడ్డకూ తల్లిదండ్రులకూ మార్గదర్శనం చేయాలి. అట్టి పిల్లల జాబితాను ప్రధానోపాధ్యాయుడు ఉంచి స్వయంగా పర్యవేక్షించాలి. మాట బాగున్నది. ఈ పనికి అదనంగా ఒక్క ఉపాధ్యాయుని పోస్టునైనా ఆ నిబంధన మంజూరు చేయలేదు.

బదిలీ అయిన ఉద్యోగి బిడ్డ విషయంలో ఈ అన్యాయం రెండింతలు. సికింద్రాబాదు నుండి నాందేడుకు అక్టోబరు నెలలో బదిలీ అయిన ఒక ఉద్యోగిని ఊహించుకోండి. ఆయన బిడ్డ 5వ తరగతి. నిన్నటి దాకా తెలుగు వాచకం. నేటి నుండి చుట్టూ మరాఠీ. పాఠ్యపుస్తకాలు వేరు, పాఠాల వరుస వేరు, పరీక్షల తీరు వేరు. క్వార్టరు కుదిరి, టి.సి. చేతికి వచ్చి, బిడ్డ బడిలో కుదురుకొనేసరికి ఏడాది సగం గడిచిపోతుంది. ఏప్రిల్‌లో ఆ బిడ్డ పరీక్ష తప్పితే, తప్పినది ఎవరు? భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో విద్య అందించే సౌకర్యం కల్పించడానికి కృషి చేయాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం ప్రతి రాష్ట్రాన్నీ కోరుతున్నది. ఆ కృషి ఎక్కడ? బదిలీ ఉత్తరువుపై సంతకం చేసినది శాఖ. మాతృభాషా బోధన కల్పించనిది ప్రభుత్వం. పర్యవసానం మాత్రం పదేళ్ల బిడ్డ మార్కుల పట్టికలో నమోదవుతున్నది!

రోగం కనిపెట్టేదెవరు?

ఆరోగ్యం విషయంలో ప్రకటనలకు కొదవ లేదు. 2013 ఫిబ్రవరిలో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుక నుండి 18 ఏండ్ల వరకు పిల్లలను పరీక్షించి, పుట్టుకతో వచ్చిన లోపాలను, వ్యాధులను, పోషకాహార లోపాన్ని, ఎదుగుదలలో వెనుకబాటును ముందుగా గుర్తించాలన్నది. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద పాఠశాల ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులను "ఆరోగ్య రాయబారులు"గా నియమించాలన్నారు. వారానికొక ఇనుము మాత్ర, ఏటా నులిపురుగుల మందు, ప్రతిరోజూ మధ్యాహ్న భోజనం – వీటన్నిటి లెక్కలూ బడి రిజిస్టరులోనే.

ఈ లక్ష్యాలలో ఒక్కదానినీ మేము వ్యతిరేకించడం లేదు. మా ప్రశ్న ఒక్కటే: చేతులెక్కడివి? యుడైస్ ప్లస్ 2024–25 లెక్కల ప్రకారం దేశంలో 1,04,125 బడులు ఒకే ఒక్క ఉపాధ్యాయునితో నడుస్తున్నవి. వాటిలో చదివే పిల్లలు 33 లక్షలకు పైబడి ఉన్నారు. ఇట్టి బడుల సంఖ్యలో ప్రథమ స్థానం మన ఆంధ్రప్రదేశ్‌దే: 12,912. విద్యాహక్కు చట్టం అనుబంధం ఏమంటున్నది? 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక బడికి సైతం ఇద్దరు ఉపాధ్యాయులుండాలి. అనగా ఈ బడులన్నీ చట్టాన్ని ఉల్లంఘించి నడుస్తున్నవే. ఆరోగ్య రాయబారుల ఏర్పాటు ప్రాథమికోన్నత దశ నుండి పై బడులకు ఉద్దేశించినదని కొందరు అనవచ్చు. కానివ్వండి. ఐదు తరగతులకు పాఠం చెప్పి, వంట తనిఖీ చేసి, మాత్రలు మింగించి, పోర్టల్ నింపే ఆ ఒంటరి ఉపాధ్యాయుడు, నల్లబల్ల కనిపించక కళ్లు చిట్లించే బిడ్డను ఎప్పుడు గమనిస్తాడు?

బదిలీ అయ్యే కుటుంబానికి ఇందులో మరొక చిక్కు ఉన్నది. 5వ సెక్షను టి.సి. గురించి మాత్రమే మాట్లాడింది. బిడ్డ ఆరోగ్య వివరాల ఊసు అందులో లేదు. మూర్ఛ గల బిడ్డ, ఉబ్బసం గల బిడ్డ, ఇన్సులిన్ తీసుకొనే బిడ్డ కొత్త బడిలో అడుగుపెట్టినపుడు అక్కడి ఉపాధ్యాయునికి ఏమీ తెలియదు. రైల్వే ఉద్యోగి కుటుంబానికి ఉమిద్ కార్డు ఉన్నది. ఏ రైల్వే ఆసుపత్రిలోనైనా అది చెల్లుతుంది. శాఖ తలచుకొన్నపుడు వైద్య గుర్తింపు ఊరు దాటి వెళ్లగలుగుతున్నదే! బడి ఆరోగ్య పత్రం జిల్లా దాటి ఎందుకు వెళ్లలేదు?

దివ్యాంగులైన బిడ్డలను పోషించే ఉద్యోగులను వాడుక బదిలీల నుండి మినహాయించవచ్చునని సిబ్బంది, శిక్షణ శాఖ 2014 జూన్ 6న ఉత్తరువు వెలువరించింది. ఎందరో ఉద్యోగుల మొరల ఫలితమిది. ఈ ఉత్తరువు గురించి తెలియని సభ్యులు ఇంకా ఉన్నారు. ప్రతి శాఖా కార్యదర్శి దానిని సభ్యుల దృష్టికి తేవాలి.

సంజాయిషీ ఎవరిది?

ఇపుడు జవాబుదారీతనానికి వద్దాము. చట్టాన్ని మరొకసారి తెరవండి. టి.సి. ఆలస్యం చేసిన ప్రధానోపాధ్యాయునిపై క్రమశిక్షణ చర్య: 5వ సెక్షను. బిడ్డను కొట్టినవారిపై క్రమశిక్షణ చర్య: 17వ సెక్షను. విధి నిర్వహణలో లోపం చేసిన ఉపాధ్యాయునిపై క్రమశిక్షణ చర్య: 24వ సెక్షను. ఇవన్నీ సమంజసమే. బిడ్డపై చేయి చేసుకొన్న వానిని, బిడ్డ పత్రాన్ని బిగబట్టిన వానిని మేము వెనకేసుకురాము. కాని లక్షకు పైగా బడులకు రెండవ ఉపాధ్యాయుని నియమించని ప్రభుత్వంపై, ఖాళీల ఫైలును తొక్కిపట్టిన అధికారిపై ఏ చర్య? వెదకండి. ఏ సెక్షనులోనూ దొరకదు.

2025 జూలై 25న రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లాలో బడి పైకప్పు కూలి 7 గురు పిల్లలు మరణించారు. ముందుగా సస్పెన్షన్ ఉత్తరువులు అందుకొన్నది ఉపాధ్యాయులు. పైకప్పు మరమ్మతుకు నిధి మంజూరు చేసే అధికారం ఉపాధ్యాయునికి ఉన్నదా? 2013 జూలై 16న బీహారులోని ఛప్రా ప్రాంతంలో పురుగుమందు కలిసిన మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. ప్రధానోపాధ్యాయురాలికి 2016లో శిక్ష పడింది. అది కోర్టు తీర్పు. నేరం రుజువైన చోట మాకు వాదన లేదు. కాని ప్రతి బడికీ సరుకు దాచే గది, వండి వడ్డించే ముందు తనిఖీ, జిల్లాకు తగినంత పర్యవేక్షణ సిబ్బంది ఉండాలన్న పాఠాన్ని ఒక్క వ్యక్తి జైలు శిక్ష నెరవేర్చగలదా?

రైల్వే కార్మికులకు దీనికి సమాధానం తెలుసు. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద కాపలా లేని గేటు దాటుతున్న బడి బస్సును నాందేడు–సికింద్రాబాదు ప్యాసింజరు ఢీకొన్నది. పదిమందికి పైగా పసిపిల్లలు బలైపోయారు. అంతకు రెండేళ్ల ముందే, 2012లో, కాకోద్కర్ కమిటీ అయిదేళ్లలో లెవెల్ క్రాసింగులన్నిటినీ తొలగించాలనీ, అందుకు 50,000 కోట్ల రూపాయలు కావాలనీ చెప్పి ఉన్నది. బస్సు డ్రైవరు జాగ్రత్తగా ఉండవలసినదని ప్రతి ప్రమాదం తరువాతా చెప్పారు. ఆ హితబోధతో చావులు ఆగలేదు. డబ్బు పెట్టి, మనిషిని పెట్టి, వంతెన కట్టి, 2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజిపై కాపలా లేని గేట్లను తొలగించిన తరువాతనే ఆ రకం చావులు ఆగినవి. జవాబుదారీతనమంటే ఇదీ: ఛార్జిషీటు కాదు, గేటు. ఈ పాఠం పట్టాలపై నిజమైనపుడు బడిలో ఎందుకు నిజం కాదు?

అలవెన్సు చాలదా అనే వారికి

మనలోనే కొందరు, "పిల్లల చదువు భత్యం వస్తున్నది గదా, ప్రైవేటు బడిలో చేర్చుకుంటాము, ఈ గొడవ ఎందుకు?" అంటున్నారు. వారికి మా మనవి. కరవు భత్యం 50 శాతానికి చేరినందున 2024 జనవరి 1 నుండి ఈ భత్యం బిడ్డకు నెలకు 2,812 రూపాయల 50 పైసలు అయింది. అదీ ఇద్దరు పిల్లలకే. పట్నాలలోని ప్రైవేటు బడి ఫీజు రశీదు పక్కన ఈ అంకెను పెట్టి చూసుకొండి. మీరు ఆ బడిలో అడుగుపెట్టిన క్షణమే 5వ సెక్షను ఇచ్చిన బడి మార్పు హక్కుకు వెలుపలికి వెళ్లినట్లు. భత్యం జేబులోకి వచ్చింది, హక్కు చేజారింది. ఇక కేంద్ర ప్రభుత్వోద్యోగుల భత్యాల పట్టికకే వెలుపల ఉంచబడిన గ్రామీణ డాక్ సేవకుని సంగతేమిటి? ఆయన బిడ్డకు ఊరి సర్కారు బడే గతి. ఆ బడిలో ఉపాధ్యాయుడు ఒక్కడే అయితే ఆ బిడ్డ తరఫున అడిగేదెవరు? మనమే అడగాలి.

మన కోర్కెలు – మన కర్తవ్యం

2025 నవంబరులో ఎనిమిదవ వేతన సంఘం ఏర్పడింది. కేంద్రీయ విద్యాలయాలు ఒక వేతన సంఘం సిఫారసు నుండి పుట్టినవన్న చరిత్రను గుర్తుంచుకొని, మన విజ్ఞాపనలలో ఈ కోర్కెలకు స్థానం కల్పించాలి:

1. పిల్లలు 5, 8, 10, 12 తరగతులలో ఉన్న ఉద్యోగులను విద్యా సంవత్సరం మధ్యలో బదిలీ చేయరాదు.

2. విద్యాహక్కు చట్టం 5వ సెక్షనులోని మినహాయింపును రద్దు చేయాలి; బదిలీ అయిన ఉద్యోగి బిడ్డకు 12వ తరగతి వరకు కేంద్రీయ విద్యాలయాలలో ప్రవేశం హక్కుగా లభించాలి.

3. తల్లి గాని తండ్రి గాని బదిలీ అయిన ఏడాదిలో ఏ బిడ్డనూ తరగతిలో నిలిపివేయరాదు.

4. టి.సి.తో బాటు ఆరోగ్య పత్రం కొత్త బడికి చేరాలి; పోర్టల్ జాప్యం ప్రవేశానికి అడ్డు కారాదు.

5. ఏకోపాధ్యాయ బడులకు కాలపరిమితి విధించి రెండవ ఉపాధ్యాయుని నియమించాలి. గడువు దాటితే నియామకాధికారి సంజాయిషీ చెప్పాలి.

6. గ్రామీణ డాక్ సేవకుల పిల్లలకు తక్కిన ఉద్యోగుల పిల్లలతో సమానంగా విద్యా సౌకర్యాలు కల్పించాలి.

కోర్కెల పత్రం సమర్పించి చేతులు కట్టుకు కూర్చోవడం మన సంప్రదాయం కాదు. చట్టం మనకిచ్చిన పనిముట్లు రెండున్నవి. 21వ సెక్షను ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. సభ్యులలో సగం మంది స్త్రీలు కావాలి. రైల్వే కాలనీ పక్కన, పోస్టాఫీసు వీధిలో ఉన్న ప్రతి ప్రభుత్వ బడి కమిటీలోనూ మన సభ్యులు, వారి ఇల్లాండ్రు నిలబడాలి. 32వ సెక్షను ప్రకారం బిడ్డ హక్కుకు భంగం కలిగితే స్థానిక అధికార సంస్థకు వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. మూడు నెలలలో అది తేలాలి. తీర్పు నచ్చకుంటే రాష్ట్ర బాలల హక్కుల రక్షణ కమిషనుకు అప్పీలు చేయవచ్చు. ప్రతి శాఖా ఈ ఫిర్యాదుల కొరకు ఒక రిజిస్టరు తెరవాలి. ఉపాధ్యాయ సంఘాలను మనకు ప్రతివాదులుగా చూపే ప్రయత్నాలు జరుగుతాయి. వాటికి లోబడరాదు. ఒంటరి బడిలోని ఉపాధ్యాయుడు, ఒంటరి గేటులోని గేట్‌మన్ ఒకే యంత్రాంగం కింద నలుగుతున్న అన్నదమ్ములు.

సోదర సోదరీ ఉద్యోగులారా! ఈ దేశపు రైలును ఆగకుండా నడిపినది, ఉత్తరాన్ని గడప దాకా చేర్చినది మన చేతులు. అందుకోసం ప్రభుత్వం ఎక్కడికి వెళ్లమంటే అక్కడికి వెళ్లాము, ఇంకా వెళతాము. వెళ్లిన ప్రతి ఊళ్లోనూ మన బిడ్డకు ఒక బడి, ఆ బడిలో తగినంతమంది ఉపాధ్యాయులు, ఆ బిడ్డ ఆరోగ్యం తెలిసిన ఒక పెద్దదిక్కు ఉండాలని కోరుతున్నాము. ఇది భిక్ష కాదు, సేవకు ప్రతిగా మనకు రావలసినది. దానిని రాబట్టుకొనే దాకా ఐక్యంగా నిలుద్దాము.